ఆ ఐదు కిలోల సంగతీ డాక్టరు గారిని అడుగుదాం

రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన ఆడవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు, వాళ్లను చూసే డాక్టర్లకు



గడ్డ తీశారు. ఎర్ర కీమో మందు ఎక్కించారు, తర్వాత ఇంకో మందు ఎక్కించారు. కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఊడిన జుట్టు మళ్లీ మొలిచింది. "ఇక పర్వాలేదమ్మా, ఈ బిళ్ల రోజూ వేసుకో, మూడు నెలలకోసారి వచ్చి కనిపించు" అన్నారు. అందరికీ దండాలు పెట్టి ఇంటికొచ్చాం. ఏడాది తిరిగేసరికి పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. పేరంటానికి వెళ్తే, "ఏదో పెద్ద జబ్బన్నారు, నువ్వేంటే ఇంకా ఒళ్లు చేశావ్!" అని ఓ పిన్నిగారు పది మందిలో నవ్వుతుంది. ఆవిడ తప్పేం లేదు. క్యాన్సరంటే మనిషి చిక్కి శల్యమైపోవాలని, దగ్గితే రుమాలుకు రక్తం అంటాలని మన సినిమాలు నేర్పాయి. రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చాలామంది చిక్కిపోరు, లావవుతారు. ఈ ముక్క ఆపరేషన్‌కు ముందు మనలో ఎంతమందికి చెప్పారు?

ఈ కాగితం వేసినవాళ్లం చికిత్స అయిపోయిన ఆడవాళ్లమే. మాకు సంఘం లేదు, చందా పుస్తకం లేదు, అమ్మడానికి పొడి డబ్బా అంతకన్నా లేదు. చెప్పేది ఒక్కటే. ఈ బరువు మన నోటి చాపల్యం వల్ల వచ్చింది కాదు, చికిత్స వెనకాలే వచ్చింది. కాబట్టి జ్వరం వస్తే, చెయ్యి వాస్తే అడిగినట్టే దీని గురించీ ఓపీలో గట్టిగా అడగాలి. తల వంచుకుని లోలోపల కుమిలిపోవడం ఇక చాలు.

2022లో మన దేశంలో 1,92,000 మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. మన ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లన్నిటిలో ఇప్పుడు ఇదే మొదటిది. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలని అక్టోబరు వస్తే చార్మినార్‌కు గులాబీ రంగు దీపాలు వేస్తారు. మంచిదే. ఆ వెలుగు చూసి ఎవరో ఒకామె తన గడ్డ తానే తడిమి చూసుకుని ముందుగా ఆస్పత్రికి వస్తుంది. కానీ గడ్డ తీసేశాక ఇంకా ఇరవై ముప్పై ఏళ్లు బతకాల్సిన మనిషి ఒంటి సంగతి ఏమిటి? దానికి అక్టోబరూ లేదు, నవంబరూ లేదు.

ఈ ఒళ్లు ఎక్కడి నుంచి వచ్చింది?

చికిత్స మొదలైన తొలి ఏడాదిలో రెండు నుంచి ఐదు కిలోలు పెరగడం డాక్టర్లు తరచుగా చూసేదే. కొందరు పది కిలోలు కూడా పెరుగుతారు. కారణం మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో మూడు నాలుగు కారణాలు కలిసీ ఉంటాయి.

కీమో రోజుల్లో ఇచ్చిన చిన్న బిళ్లలు గుర్తున్నాయా? డెక్సామెథసోన్. వాంతులు రాకుండా, మందు పడక ఒళ్లంతా దద్దుర్లు లేవకుండా ఇస్తారు, ఇవ్వాల్సిందే. అది స్టెరాయిడ్. ఆకలి పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది, షుగర్ పెంచుతుంది. కీమో అయిన రాత్రి రెండింటికి లేచి ఆవకాయన్నం కలుపుకుని తిన్నవాళ్లు మాలో ఉన్నారు. దానికి తోడు వికారం. ఖాళీ కడుపుతో ఉంటే తిప్పుతుంది కాబట్టి రెండు గంటలకోసారి రస్కో, బిస్కెట్టో, బ్రెడ్డో నోట్లో వేసుకోవడం అలవాటవుతుంది. కూర నోట పెడితే ఇనుము నాకినట్టుంటుంది, తీపి మాత్రం సహిస్తుంది. కీమోలు అయిపోతాయి, ఆ బిస్కెట్ల డబ్బా మాత్రం మంచం పక్కన అలాగే ఉండిపోతుంది.

అంతకన్నా పెద్ద కారణం నెలసరి ఆగిపోవడం. పాశ్చాత్య దేశాల ఆడవాళ్లతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు సుమారు పదేళ్లు ముందే వస్తోంది. నలభై నిండని వాళ్లు, పిల్లలు ఇంకా బడికి వెళ్తున్నవాళ్లు ఓపీ బెంచీల మీద ఎంతమందో! సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు అండాశయాలను దెబ్బతీస్తాయి. మామూలుగా కొన్నేళ్ల పాటు మెల్లగా జరిగే మార్పు కొన్ని నెలల్లో ముంచుకొస్తుంది. కొందరికి అండాశయాలు పనిచేయకుండా సూదులిస్తారు, కొందరికి వాటినే తీసేస్తారు. ఈస్ట్రోజన్ పడిపోయాక కొవ్వు తొడల దగ్గర ఆగదు, పొట్ట చుట్టూ చేరుతుంది. అర్ధరాత్రి వేడి ఆవిర్లు, చెమటలు, దుప్పటి తన్నేయడం, మళ్లీ కప్పుకోవడం. నిద్ర పట్టని మర్నాడు ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ. చికిత్స నాటికి ఇంకా నెలసరి వస్తున్న వాళ్లే ఎక్కువ లావెక్కుతారన్నది డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. తెలియనిది మనకే.

ఇంకొకటి వినండి. అమెరికాలో వెండీ డెమార్క్-వానెఫ్రీడ్ అనే పరిశోధకురాలి బృందం 2001లో ఒక అధ్యయనం ప్రచురించింది. నెలసరి వస్తున్న వయసులో కీమో తీసుకుంటున్న ఆడవాళ్లు ఏం తింటున్నారో, ఎంత కదులుతున్నారో, ఒంట్లో కొవ్వెంత, కండెంత అన్నీ కొలిచారు. వాళ్లు ఎక్కువేం తినడం లేదని తేలింది. కదలడం తగ్గింది. కొవ్వు పెరిగింది, కండ తరిగింది. అంటే బరువు మిషన్ రెండు కిలోలు పెరిగిందని చూపించినా లోపల అంతకన్నా ఎక్కువ కొవ్వు చేరి, కాళ్లలోని కండ కరిగిపోయి ఉండొచ్చు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, కింద కూర్చుంటే చేత్తో నేలను ఆనుకోకుండా లేవలేకపోవడం, వీటి వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. అందుకే తిండి మానేసి తగ్గుదామనుకుంటే ఉన్న కండ కూడా పోతుంది. ఏకాదశికో శనివారానికో ఉపవాసం ఉండటం మీ నమ్మకం, ఉండండి. వారంలో నాలుగు రోజులు బరువు కోసం పస్తులుండటం మాత్రం వద్దు.

మిగతావి క్లుప్తంగా చెప్తాం. మెడ దగ్గర కరెంటు పెట్టించుకున్న వాళ్లలో కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. అరికాళ్ల తిమ్మిర్లకిచ్చే ప్రీగాబాలిన్ వల్ల కొందరు లావవుతారు. దిగులు కూడా లావు చేస్తుంది, దిగులుకిచ్చే మందుల్లో కొన్నీ చేస్తాయి. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. పేర్లన్నీ రాసుకెళ్లి అడగండి.

బిళ్ల మీద కోపం వద్దు

అందరూ తిట్టేది టామాక్సిఫెన్‌ని. "ఈ బిళ్ల మొదలుపెట్టాకే ఇలా అయ్యాను" అని. నిజం కొంచెం వేరుగా ఉంది. అమెరికాలో 1990లలో జబ్బు లేని ఆడవాళ్లు 13,000 మందికి పైగా తీసుకుని, సగం మందికి టామాక్సిఫెన్, సగం మందికి మందు లేని ఉత్తి బిళ్ల ఇచ్చి చూశారు. బరువు పెరగడంలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు. ఉత్తి బిళ్ల మింగిన వాళ్లూ అంతే పెరిగారు. మన విషయంలో ఆ బిళ్ల మొదలయ్యే వేళకే కీమో, నెలసరి ఆగడం, మంచం పట్టడం అన్నీ జరిగిపోయి ఉంటాయి. చివర వచ్చిన బిళ్ల నింద మోస్తోంది. పోనీ మోయనివ్వండి, నింద వల్ల దానికి పోయేదేం లేదు. ఆ బిళ్ల ఆపేస్తే పోయేది మనకే. హార్మోన్ రకం జబ్బులో ఐదేళ్లు టామాక్సిఫెన్ వాడితే, తర్వాతి పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లు సుమారు మూడో వంతు తగ్గుతారు. లావవుతున్నామని డాక్టరుకు చెప్పకుండా బిళ్ల ఆపకండి. ఈ కాగితంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటానంటే అదే గుర్తుంచుకోండి.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవాళ్లది ఇంకో బాధ. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, మోకాళ్లు పట్టేస్తాయి. నొప్పని నడవరు, నడవక బరువు, బరువుతో ఇంకా నొప్పి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ మందులు వాడుతూ కీళ్లనొప్పులున్న 121 మందిని తీసుకుని, సగం మంది చేత ఏడాది పాటు నడక, వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం చేయించారు. వాళ్ల నొప్పి 29 శాతం తగ్గింది. ఎముకలు పలచబడే మందులివి కాబట్టి కండకు పని చెప్పడం ఎముకకూ మేలే.

ఇక్కడొక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నెలల మీద మెల్లగా పెరిగే బరువు వేరు, నాలుగైదు రోజుల్లో రెండు మూడు కిలోలు పెరిగి, పాదాలు పొంగి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం వేరు. అది నీరు. ఎర్ర కీమో మందు, ట్రాస్టుజుమాబ్ అనే ఇంకో క్యాన్సర్ మందు కొందరిలో గుండెను బలహీనపరుస్తాయి. అలా అయితే వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. అలాగే ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతుంటే "పోనీలే, సన్నబడ్డాను" అని సంబరపడకండి. అదీ డాక్టరుకు చెప్పాల్సిన మాటే.

ప్రాణం దక్కింది కదా, అందం ఎందుకంటారా?

ఈ మాట అనేవాళ్లు ఇంటింటా ఉన్నారు. ప్రాణం దక్కింది కాబట్టే అడుగుతున్నాం. అందం గురించి అడిగితే మాత్రం తప్పేముంది? ఒక రొమ్ము తీసేసిన మనిషి ఆరు కిలోలు పెరిగితే మిగిలిన రొమ్మూ బరువెక్కుతుంది. బ్రాలో తీసేసిన వైపు పెట్టుకున్న గుడ్డ ముక్క సరిపోదు, భుజం ఒక పక్కకు లాగుతుంది, మెడ నొప్పి పుడుతుంది. పైట సర్దుకుని సర్దుకుని చెయ్యి అలిసిపోతుంది. ఇది ఏ రిపోర్టులోనూ ఉండదు.

రిపోర్టులో ఉండేవీ ఉన్నాయి. బరువు ఎక్కువైన వాళ్లలో చేతికి నీరు పట్టడం ఎక్కువ. షుగరు, బీపీ, మోకాళ్లు సరేసరి. చికిత్స ముగిసి చాలా ఏళ్లు గడిచిన వాళ్లలో ప్రాణాల మీదికి తెచ్చేది చాలాసార్లు క్యాన్సర్ కాదు, గుండె. బాగా లావుగా ఉన్నవాళ్లలో ఈ జబ్బు తిరగబెట్టడం కూడా ఎక్కువగా ఉందని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది.

మన ఒంటికి కొలతలు కూడా వేరు. యూరప్ వాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దాటితే అధిక బరువంటారు, మనకు 23 దాటితేనే. ఐదడుగుల ఆడమనిషికి ఆ గీత 53 కిలోల దగ్గర ఉంది, 58 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. ఈ అంకెలు చూసి హడలిపోకండి, మాలోనూ సగం మందికి పైగా ఆ గీత దాటినవాళ్లమే. ఇంట్లో కుట్టు మిషన్ పక్కన ఉండే టేపు తీసి బొడ్డు మీదుగా నెలకోసారి కొలవండి. బరువు మిషన్ కన్నా ఆ టేపే నిజం ఎక్కువ చెప్తుంది.

బిందె ఎత్తొద్దన్నారు కదా!

అన్నారు. చంకలో గడ్డలు తీశాం, ఆ చేత్తో బరువులు ఎత్తొద్దు, చెయ్యి వాస్తుంది అని తరతరాలుగా చెప్తున్నారు. ఆ మాట విని చేతిని పగిలే కుండలా దాచుకున్నవాళ్లు ఎందరో. క్యాథరిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలు అమెరికాలో ఈ భయాన్నే పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించింది. అప్పటికే చేతికి నీరు పట్టిన 141 మందిలో సగం మంది చేత ఏడాది పాటు, శిక్షకుల పర్యవేక్షణలో, చాలా తక్కువతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతూ బరువులు ఎత్తించింది. వాళ్ల వాపు పెరగలేదు. పైగా వాపు ఉన్నట్టుండి ఎక్కువ కావడం ఎత్తని వాళ్లకన్నా వీళ్లలోనే తక్కువగా జరిగింది. చేతులకు బలం వచ్చింది.

దీని అర్థం రేపే పాతిక కిలోల బియ్యం బస్తా లేపమని కాదు. ఆపరేషన్ గాయం మానాక, డాక్టరో ఫిజియోథెరపిస్టో సరే అన్నాక, నీళ్లు నింపిన అరలీటరు సీసాతో మొదలుపెట్టండి. ఒక్కో చేత్తో పదిసార్లు. రెండు మూడు వారాలు వాపు, బరువు, లాగుడు ఏమీ లేకపోతే లీటరు సీసాకు వెళ్లండి. వాపు ఉన్నవాళ్లు బిగుతు తొడుగు వేసుకునే చేయాలి. కాళ్లకైతే మెషీన్లు అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు. గోడకు చేతులు ఆనించి తోయడం, పదిసార్లు. వారానికి రెండు రోజులు ఇది, మిగతా రోజుల్లో నడక. వారం మొత్తానికి నడక 150 నిమిషాలు కావాలన్నది ప్రపంచమంతా చెప్తున్న లెక్క. మాట్లాడుతూ నడవగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం. మొదటి నెల పది నిమిషాలకే ఆయాసం వస్తే ఆ పది నిమిషాలే నడవండి.

"పొలం పని చేసేవాళ్లం, మాకు వ్యాయామం ఏంటమ్మా?" అని అడిగిన అక్కలున్నారు. చికిత్సకు ముందు మీరు చేసిన పని ఏ జిమ్ములోనూ దొరకదు. నాట్లు, కలుపు, మోపులు. చికిత్స తర్వాత ఇంట్లోవాళ్లు పొలం వైపు వెళ్లనివ్వరు. పని ఒక్కసారిగా ఆగిపోయింది, కంచంలో అన్నం మాత్రం ఆ పని రోజుల నాటిదే. బరువు వచ్చింది ఆ తేడాలోంచే.

కంచం దగ్గర

కాగితం మీద లెక్క వేసి చూద్దాం. ఒంట్లో కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 క్యాలరీలు. రోజూ అవసరానికి మించి వంద క్యాలరీలు, అంటే నాలుగు బిస్కెట్లో, చక్కెర దండిగా వేసిన గ్లాసు పాలలో సగమో తీసుకుంటే ఏడాదికి నాలుగైదు కిలోలు. ఒళ్లు ఇంత పద్ధతిగా లెక్కలు పాటించదు, అయినా సంగతి అర్థమవుతుంది. ఐదు కిలోలు రావడానికి విందులు అక్కర్లేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలు సవరించి ఇచ్చింది. రోజుకు కావాల్సిన శక్తిలో అన్నం, రొట్టె, ఇడ్లీల వాటా 45 శాతం దాటొద్దంది. మన కంచంలో ఆ వాటా ఎంతో ఎవరికి వారు చూసుకోవచ్చు. అన్నం గుట్టగా పోసి, పక్కన కూర బొట్టంత పెట్టే అలవాటును తిరగేయాలి. సగం కంచం కూరలూ ఆకుకూరలూ. పప్పు కొంచెం చిక్కగా, గరిటెడు ఎక్కువ. అన్నం ఆఖరున.

కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి, రోజుకు మీ బరువులో కిలోకు గ్రాము కన్నా తగ్గకుండా. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ముందు డాక్టరును అడగాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. నాటు కోడి, సీమ కోడి, చెరువు చేప ఏదైనా సరే, వేపుడు కాకుండా పులుసో ఇగురో. శాకాహారులకు పెసలు, ఉలవలు, శనగలు, పెరుగు. అన్నిటికన్నా చవకైనది మీల్ మేకర్. యాభై గ్రాములకు పాతిక గ్రాముల మాంసకృత్తులు. "సోయా తింటే ఈస్ట్రోజన్, రొమ్ము క్యాన్సర్ వాళ్లకు విషం" అనే మెసేజ్ మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. చైనాలోని షాంఘైలో ఈ జబ్బు వచ్చిన 5,000 మందికి పైగా ఆడవాళ్లను చూసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సోయా ఆహారం ఎక్కువ తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగానే ఉంది. కూరలో వండుకునే సోయాతో భయం లేదు, సోయా మాత్రలు, పొడులు మాత్రం వద్దు.

పొడులంటే గుర్తొచ్చింది. ఆస్పత్రి గేటు బయట దొరికే కరపత్రాలన్నీ ఇలాంటివి కావు. చాలావాటిలో ఉండేది నలభై రోజుల్లో పదిహేను కిలోలు తగ్గించడం, రసాలతో ఒళ్లు కడగడం, క్యాన్సర్ మళ్లీ రాకుండా చేసే చూర్ణం. రసాల సంగతే చూడండి. అమెరికాలో 3,088 మంది రొమ్ము క్యాన్సర్ మహిళల్లో సగం మంది చేత ఏళ్ల తరబడి కూరగాయలు, పండ్లు, రసాలు బాగా పెంచి తినిపించారు. 2007లో ఫలితం వచ్చింది. జబ్బు తిరగబెట్టడంలో ఏ తేడా లేదు, వాళ్ల బరువూ తగ్గలేదు. అంతకు ముందటి ఏడాది, 2006లో వచ్చిన ఇంకో అధ్యయనంలో నూనె, కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు రెండు మూడు కిలోలు తగ్గారు, వాళ్లలో జబ్బు తిరగబెట్టడమూ కొంత తగ్గింది. రెంటినీ పక్కపక్కన పెడితే మా చూపు బరువు వైపే పోతుంది. అయినా దాన్ని హామీగా అమ్మేవాడు మోసగాడే. 2025లో మన దేశానికీ వచ్చిన, వారానికోసారి పొడుచుకునే బరువు తగ్గించే సూదుల విషయంలోనూ జాగ్రత్త. పనిచేసే మందులే, కానీ వాటితో కండా తగ్గుతుంది. మీ క్యాన్సర్ డాక్టరుకు తెలియకుండా వాటి జోలికి వెళ్లకండి.

ఇంట్లోవాళ్లకు

అత్తమ్మా, అమ్మా, అన్నయ్యా, బావగారూ! మీరు మమ్మల్ని బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నారు. మంచం దిగనివ్వలేదు, నెయ్యి పోసి ముద్దలు పెట్టారు, ఖర్జూరాలు, జీడిపప్పులు తెచ్చారు. ఆ ప్రేమకు రుణపడి ఉంటాం. ఇప్పుడు ఆ ప్రేమనే కొంచెం దారి మళ్లించండి. స్వీటు డబ్బా బదులు పుచ్చకాయ తెండి. "నువ్వు కూర్చో, నేను చేస్తా" అనే బదులు సాయంత్రం మాతో పాటు వీధి చివరిదాకా నడవండి. భర్త పక్కన ఉంటే జుట్టు సరిగా మొలవని తలతో కూడా బయటికి రావడానికి ధైర్యం వస్తుంది. ఆపైన, "లావయ్యావు" అని చెప్పడం మానండి. మాకు అద్దం ఉంది.

డాక్టర్లకు, ప్రభుత్వానికి

డాక్టరు గారూ, మీ ఓపీలో ఒక్కొక్కరికీ మీరిచ్చే టైము ఎంతో మాకు తెలుసు, బయట ఎంతమంది నిలబడ్డారో కూడా తెలుసు. అందుకే చిన్నవే అడుగుతున్నాం. మా బరువు కీమో డోసు లెక్క కోసం చూస్తారు, కీమో అయిపోయాక ఆ గడి ఖాళీగా ఉంటుంది. ప్రతి ఫాలో అప్‌లోనూ బరువు, నడుము కొలత రాయండి. మొదటి రోజు బరువుతో పోల్చి చెప్పండి. "తగ్గాలమ్మా" అనే ఒక్క మాటతో పంపకండి, ఎలా తగ్గాలో చెప్పేవాళ్ల దగ్గరికి పంపండి. చికిత్స మొదలుపెట్టే రోజునే, జుట్టు ఊడుతుందని చెప్పినట్టే, లావయ్యే అవకాశం ఉందని కూడా చెప్పండి. ముందే తెలిస్తే కీమో రోజుల్లోనే పది నిమిషాలు నడిచేవాళ్లం.

ప్రభుత్వాలను అడిగేది ఇదీ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వల్ల ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టించుకోవడం పేదింటి ఆడవాళ్లకూ అందాయి. ఆ పథకాల కార్డే లేకపోతే మాలో కొందరు ఈ కాగితం రాసే దాకా ఉండేవాళ్లం కాదు. అదే కార్డు మీద చికిత్స తర్వాత ఏడాది పాటు ఆహార నిపుణురాలి సలహా, ఫిజియోథెరపీ, చేతి తొడుగు, థైరాయిడ్, ఎముకల పరీక్షలు కూడా ఇవ్వండి. ఆదిలాబాద్ నుంచి, కర్నూలు నుంచి రైలెక్కి వచ్చే మనిషి డైట్ సలహా కోసం ఇంకో రోజు రాలేదు. ఫాలో అప్ రోజునే, అదే అంతస్తులో, ఆ సలహా దొరకాలి. ఊళ్లో మిగతా పని ఆశా అక్కకు, ఏఎన్ఎంకు అప్పగించవచ్చు. బీపీ, షుగరు చూసే రిజిస్టరులోనే మా బరువుకూ ఒక గడి పెట్టించండి. తార్నాక సంస్థ ఇచ్చిన ఆహార సూచనలను తెలుగులో, బొమ్మలతో, మన జొన్నరొట్టె, రాగిసంకటి, గోంగూరలతో ఒక పెద్ద పోస్టరుగా వేసి ప్రతి క్యాన్సర్ వార్డు గోడకీ అంటించడానికి ఎంతవుతుంది?

మనం చేసేది

వాళ్లు ఇచ్చేదాకా కూర్చోవద్దు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని క్యాన్సర్ ఆస్పత్రికి ఫాలో అప్‌కు వచ్చేవాళ్లకు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే, రిపోర్టులు వచ్చేలోపు ఒక రౌండు వేయొచ్చు. వరంగల్ వాళ్లకు భద్రకాళి చెరువు కట్ట ఉంది, విశాఖ వాళ్లకు బీచ్ రోడ్డు ఉంది, ఏదీ లేని ఊళ్లో బడి మైదానం ఉంది. ఒంటరిగా కాదు, ఇద్దరు ముగ్గురు కలవండి. పక్క వీధిలో చికిత్స అయిన ఇంకో ఆవిడ ఉందని మీకు తెలుసు, ఆవిడకు మీరున్నారని తెలియదు. వెళ్లి తలుపు తట్టండి. నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చినా ఎవరూ ఏమనుకోరు, అనుకుంటే అనుకోనివ్వండి. కుక్కల భయం ఉంటే చేతికర్ర పట్టుకోండి.

ఫాలో అప్‌కు వెళ్లినప్పుడు కింది ముక్క నింపి తీసుకెళ్లండి. నోటితో అడగడానికి బెరుకైతే కాగితమే అడుగుతుంది. రాయడం రానివాళ్లకు వరసలో పక్కన కూర్చున్నవాళ్లు రాసిపెట్టండి. ఈ కరపత్రాన్ని ఎవరైనా, ఎన్నైనా జిరాక్స్ తీసి పంచవచ్చు, మా అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
చికిత్స పూర్తి చేసుకున్న కొందరు మహిళలు

- - - - - - - - ఇక్కడ చింపి డాక్టరు గారికి ఇవ్వండి - - - - - - - -

డాక్టరు గారికి నమస్కారం.

చికిత్సకు ముందు నా బరువు ........ కిలోలు. ఈ రోజు ........ కిలోలు. నడుము ........ సెంటీమీటర్లు.

నెలసరి ఆగింది / ఆగలేదు. ఆగి ........ నెలలైంది.

ఇప్పుడు వాడుతున్న మందులు (థైరాయిడ్, తిమ్మిర్లు, నిద్ర, దిగులు మందులతో సహా): ................................

చేతికి వాపు ఉంది / లేదు. కీళ్లనొప్పులు ఉన్నాయి / లేవు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది / రావడం లేదు.

నా బరువు పెరగడానికి కారణం ఏమిటో చూడండి. థైరాయిడ్, షుగరు పరీక్షలు అవసరమైతే రాయండి.

నేను ఏ వ్యాయామం, ఎంత బరువుతో మొదలుపెట్టవచ్చో ఇక్కడ రాసి సంతకం చేయండి: ................................

ఆహార నిపుణురాలిని కలవాల్సిన రోజు, గది నంబరు: ................................